నెల పద్దులో 12,000 మిగులు, చేతిలో సున్నా: తేడా ఎక్కడ?

పద్దులపుస్తకం
ఇక్కడ తరచూ వచ్చే లెక్కే. అందరం ఒకచోట విప్పి చూద్దామని నమూనాగా పెడుతున్నాను. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు అద్దె ఇల్లు, భార్యాభర్తలు, బడికెళ్ళే పిల్లలు ఇద్దరు. ఒక్క జీతం, చేతికొచ్చేది 65,000.

అద్దె 17,000
మెయింటెనెన్స్ 2,000
కరెంటు 1,200
గ్యాస్ 900
ఫోన్లు, నెట్ 1,400
పాలు, పెరుగు 2,700
కిరాణా 7,500
కూరగాయలు, పండ్లు 4,000
మాంసం, గుడ్లు 2,600
పెట్రోలు 3,200
పనిమనిషి 2,000
బండి ఈఎంఐ 3,500 (ఇంకా 8 నెలలు)
చిట్టీ 5,000

మొత్తం 53,000. అంటే 12,000 మిగలాలి. కానీ 20వ తారీఖు వచ్చేసరికి కార్డు గీకుతున్నారు. పొదుపు గురించి ఉపన్యాసాలు వద్దు, అంకెలు పెట్టండి.

మూసాపేట_లెక్కలు
పద్దులపుస్తకం గారూ, ఇందులో బడి ఫీజు ఏది? ఇద్దరు పిల్లలు అన్నారు, పట్టికలో పలక ఖర్చు కూడా లేదు. నెలనెలా కట్టేది కాదు కాబట్టి రాయలేదు, అంతేగా? ఇలాంటివన్నీ ఏడాది లెక్కన రాస్తే అసలు బొమ్మ కనపడుతుంది. మధ్యతరగతి బడి అనుకుని వేస్తున్నాను:

ఫీజులు ఇద్దరికీ 90,000. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు 16,000. కుటుంబం మొత్తానికి హెల్త్ పాలసీ 24,000. బండి బీమా, సర్వీసింగు 6,000. దసరా, సంక్రాంతి బట్టలు, ఊరి ప్రయాణాలు 30,000. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాల చదివింపులు 12,000. ఆవకాయ, ఏడాది కారం, పసుపు 6,000. పాలసీ ఇవ్వని వైద్యం (పళ్ళు, కళ్ళద్దాలు, జ్వరాల మందులు) 12,000.

కలిపితే 1,96,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 16,333. మీరు మిగులు అంటున్నది 12,000. అంటే ఈ ఇల్లు నెలకు 4,333, ఏడాదికి 52,000 లోటులో నడుస్తోంది. ఆ 52,000 కార్డు మీదో, చిట్టీ ఎత్తితేనో, బంగారం కుదువ పెడితేనో పూడుతోంది. రోజువారీ ఖర్చుల్లో దుబారా వెతికే ముందు ఈ లైను రాయండి.

నల్లకుంట_శ్రీమతి
దసరాకు పనమ్మాయికి ఒక నెల జీతం బోనస్ ఇస్తారు కదండీ, అది మరిచారు. మరో 2,000.

మూసాపేట_లెక్కలు
అవునండీ. నెలకు 167 కలపాలి. లోటు సరిగ్గా 4,500.

రెండోఖాతా
మొత్తం ఎంతన్నది ఒక ఎత్తు, ఏ నెలలో పడుతుందన్నది మరో ఎత్తు. ఏప్రిల్ జీతంతో నెలకు 16,333 పక్కన పెట్టడం మొదలెట్టారనుకోండి. జూన్ జీతం కూడా కలిస్తే 49,000 అవుతుంది. ఫీజు మూడు టర్ములైతే జూన్‌లో మొదటి టర్ము 30,000, పుస్తకాలు 16,000, మొత్తం 46,000. గట్టెక్కినట్టే.

ఇప్పుడు హెల్త్ పాలసీ రెన్యువల్ మేలో ఉందనుకోండి. రెండు నెలల్లో చేరిన 32,666లో 24,000 పోయి 8,666 మిగులుతుంది. జూన్‌లో మరో 16,333 కలిపినా 25,000 దాటదు. 21,000 తక్కువ! ఏడాది మొత్తం సరిపోయే లెక్కే జూన్‌లో కూలిపోతుంది. జనాలు "ఈ పద్ధతి మాకు కుదర్లేదు" అని వదిలేసేది ఇక్కడే.

రెండు దారులున్నాయి. పాలసీ ప్రీమియాన్ని మూడు నెలలకోసారి కట్టే వాయిదాల్లోకి మార్చమని కంపెనీని అడగాలి. చాలా పాలసీల్లో ఆ వెసులుబాటు ఉంటుంది, కొంచెం ఎక్కువ పడొచ్చు. లేదా ఈ నిధిని ఏప్రిల్‌లో కాకుండా సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరిలో మొదలెట్టాలి. ఒక మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. పాత రసీదు చూసి బడ్జెట్ వేసుకునేవాళ్ళు ఆ తేడా గమనించాలి.

మీటరుమీదకన్ను
కరెంటు 1,200 అని రాసిన్రు అన్నా. అది 215 యూనిట్ల బిల్లు లెక్క కొడుతుంది. మన తెలంగాణల స్లాబు ఎట్లుంటదో చూడుండ్రి. నెలకు 200 లోపు అయితే మొదటి 100కు యూనిట్ 3.40, తర్వాత 100కు 4.80. మొత్తం 820. గదే 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతది: 200 వరకు 5.10, ఆ పైన 300 వరకు 7.70. అంటే 201 యూనిట్లకు 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయలు పడ్డట్టు! కస్టమర్ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే.

100 దగ్గర గూడ గిట్లనే మెట్టు ఉంది. 100 యూనిట్లకు 252.50, 101కి 344.80.

215 యూనిట్లకు 1,135.50. దాన్ని 198కి తెస్తే 810.40. నెలకు 325 మిగులుతయ్, ఏసీ బంద్ చేసే పని గూడ లేదు. ఎట్లంటే, రీడింగ్ తీసిన తారీఖు బిల్లు మీద ఉంటది. ఆ రోజు నుంచి 15 రోజులకు మీటర్ చూడాలె. స్క్రీన్ మీద తేదీ, టైము, వోల్టేజి అన్నీ తిరుగుతుంటయ్. కేడబ్ల్యూహెచ్ అని పడ్డ అంకెనే రాసుకోవాలె. బిల్లులో ఉన్న రీడింగ్ తీసేస్తే 100 దాటిందా, ఆ నెల జాగ్రత్త పడాలె.

జాగ్రత్త అంటే ఏంది? 2 కిలోవాట్ల గీజర్ అరగంటకు ఒక యూనిట్. ఆన్ చేసి మరిచిపోతే గంటకు రెండు. పాత ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం) ఫ్యాన్ 30 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 48 యూనిట్ల తేడా. ఒక్కటి మార్చినా 16 తగ్గుతయ్, 215 కాస్త 199 అయితది. మూడూ ఒక్కసారి మార్చకుండ్రి, ఎక్కువ తిరిగేది హాల్‌ల ఫ్యాన్, ముందు అది చాలు.

నిజాంపేట్_టెనెంట్
ఓనర్ సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు తీసుకుంటే ఈ స్లాబులన్నీ ఏం పనికొస్తాయి?

మీటరుమీదకన్ను
పనికిరావు భాయ్. అందుకే ఇల్లు చూసేటప్పుడే మన పోర్షన్‌కు విడిగా సర్వీస్ కనెక్షన్ ఉందా అని అడగాలె, బిల్లు మీదుండే యూఎస్‌సీ (ఆ కనెక్షన్‌) నంబర్ తీస్కోవాలె. ఆ నంబర్ కొడితే పాత బిల్లులు ఆన్‌లైన్‌ల కనిపిస్తయ్. రేషన్ కార్డు ఉన్నోళ్ళకు గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) గూడ ఆ నంబర్ మీదనే, కిరాయిదార్లకు సుత వర్తిస్తది. కానీ 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలె, పైనున్నది మాత్రమే కాదు. సబ్‌మీటర్ ఇంటికి అద్దె 500 తక్కువ అని పోతే కరెంటుల అంతకంటే ఎక్కువ పోతది.

నల్లకుంట_శ్రీమతి
గ్యాస్ నెలకు 900 రాశారు. నలుగురికి సిలిండరు 40 రోజులు వస్తుంది, ఏడాదికి తొమ్మిది. సిలిండరు 900 అనుకుంటే నెల సగటు 680 దాటదు. ఫోన్లది దీనికి తిరగబడ్డ లెక్క: 28 రోజుల రీచార్జి ఏడాదికి 13 సార్లు పడుతుంది, 12 కాదు. రెండు ఫోన్లకు చెరో 350 అనుకుంటే ఆ పదమూడోది 700, నెలకు దాదాపు 60 కలపాలి. సిలిండరు దించుకునేటప్పుడు తూకం వేయించండి. పైన రాసిన ఖాళీ బరువుకు 14.2 కిలోలు కలిపితే ఎంతో, తూకంలో అంత ఉండాలి. వాళ్ళ దగ్గర కాటా ఉండాలి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కిరాణా 7,500 నలుగురికి ఎక్కువే. కొలతలు ఇలా ఉంటాయి. బియ్యం రెండు పూటలా తినే ఇంట్లో పెద్దవాళ్ళకు రోజుకు 200 గ్రాములు, పిల్లలకు 120. నెలకు 19, 20 కిలోలు. 26 కిలోల బస్తా 40 రోజులు రావాలి. కందిపప్పు మూడు కిలోలు, మినప్పప్పు రెండు, నూనె మూడు లీటర్లు. అంతకు మించి నూనె వాడుతుంటే ఖర్చు సంగతి తర్వాత, ఆరోగ్యం సంగతి చూడాలి.

గంజిబజార్
26 కిలోల బస్తా ఎందుకొచ్చిందో తెలియక చాలామంది మోసం అనుకుంటారు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్, లేబుల్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. దాంతో మిల్లులు కిలో పెంచి 26 చేశాయి. కాబట్టి బస్తా ధరలు పోల్చొద్దు, కిలో ధర పోల్చండి. 25 కిలోల బస్తా చవగ్గా కనిపించి కిలోకు ఎక్కువ పడుతుంది కొన్నిసార్లు.

బియ్యం పాతదా కొత్తదా అన్నది కూడా డబ్బు లెక్కే. పాత సోనా మసూరి అన్నం బాగా ఒదుగుతుంది, అదే గ్లాసుకు ఎక్కువ వస్తుంది. కొత్తది కిలోకు తక్కువే గానీ ముద్దవుతుంది, పిల్లలు వదిలేస్తారు. జనవరి, ఫిబ్రవరిల్లో "చవక" అని అమ్మేది ఎక్కువగా కొత్త పంటే. కొనేముందు అర కిలో తెచ్చి వండి చూడండి.

నూనె: లీటరు అంటే 910 గ్రాములు. అదే ఎత్తు ప్యాకెట్‌లో 800, 850 గ్రాములు పోసి అమ్మేవి ఉన్నాయి. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకు ఎంత, మిల్లీలీటరుకు ఎంత అని చిన్న అక్షరాల్లో వేస్తారు, అది చూడాలి. 15 కిలోల డబ్బా అంటే దాదాపు పదహారున్నర లీటర్లు. నలుగురున్న ఇంటికి ఐదు నెలలకు పైగా వస్తుంది, తెరిచాక అంతకాలం ఉంచితే వాసన వస్తుంది. రెండిళ్ళవాళ్ళు కలిసి తెచ్చుకుంటే తప్ప డబ్బా జోలికి పోవద్దు.

పప్పులు, మిరపకాయలు, చింతపండు, జీలకర్ర లాంటివి మూడు నెలలకోసారి బేగంబజార్‌లోనో, మలక్‌పేట గంజ్‌లోనో తెస్తే తేడా తెలుస్తుంది. ఐదు కిలోల లోపు కొనేదానికి అంత దూరం వెళితే మిగిలింది ఆటోకే సరిపోతుంది. సబ్బులు, పేస్టులు అక్కడ కొనాల్సిన పనే లేదు.

నల్లకుంట_శ్రీమతి
కూరగాయలకు ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి రైతుబజార్లలో ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. అక్కడ కొనకపోయినా ఆ ధరలు ఫోన్‌లో ఫోటో తీసుకుంటే కాలనీ సంతలో బేరానికి పనికొస్తాయి. ఆకుకూరలు మాత్రం వారానికి సరిపడా తేవద్దు, సగం చెత్తబుట్టకే. టమాటా, ఉల్లి, బంగాళాదుంప, దొండ, బీర వారానికోసారి. ఆకుకూర రెండు రోజులకోసారి వీధిలోనే.

పది నిమిషాల డెలివరీ యాప్‌ల సంగతి కూడా చెప్పాలి. కొత్తిమీర కట్ట కోసం తెరిస్తే హ్యాండ్లింగ్ చార్జీ, చిన్న ఆర్డరు చార్జీ, అవి తప్పించుకోవడానికి ఇంకో చిప్స్ ప్యాకెట్. నెలాఖరున ఆర్డర్ల జాబితా తెరిచి వస్తువుల ధర వదిలేసి చార్జీలు మాత్రమే కూడి చూడండి.

రెండోఖాతా
ఖాతాలు విడదీయనిదే పైవన్నీ కాగితం మీదే ఉంటాయి. మూడు చాలు. జీతం పడేది ఒకటి: అద్దె, ఈఎంఐ, చిట్టీ దీంట్లోంచే. రెండోది ఏడాది ఖర్చులది: జీతం పడ్డ మర్నాడే 16,500 స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్‌తో (బ్యాంకే ప్రతి నెలా దానంతటదే పంపే ఏర్పాటు) అందులోకి పోవాలి. దీనికి యూపీఐ లింక్ చేయొద్దు, డెబిట్ కార్డు బీరువాలో పెట్టండి. మూడోది రోజువారీది.

రోజువారీ అంటే కిరాణా, కూరగాయలు, మాంసం, పెట్రోలు. ఈ నమూనాలో 17,300. నెలకు నాలుగు వారాలని నాలుగుతో భాగిస్తే వారానికి 4,325 వస్తుంది, అది తప్పు. ఏడాదికి 52 వారాలు. 12తో హెచ్చించి 52తో భాగిస్తే 3,992. సోమవారం సోమవారం 4,000 వేయండి. యూపీఐ లైట్‌లో (యూపీఐ యాప్‌లోనే చిన్న చెల్లింపులకు ఉండే పర్సు) 5,000 వరకు పెట్టుకోవచ్చు, ఒక్కో చెల్లింపు 1,000 దాటకూడదు. వారం డబ్బు అందులో వేసుకుంటే ఎంత మిగిలిందో ప్రతి చెల్లింపుకూ కళ్ళముందు ఉంటుంది.

మూసాపేట_లెక్కలు
యూపీఐ లైట్ ఖర్చులు పాస్‌బుక్‌లో విడివిడిగా రావు, డబ్బు వేసిన ఎంట్రీ ఒక్కటే పడుతుంది. ఎక్కడ ఖర్చయిందో తర్వాత వెతకాలంటే యాప్‌లోనే చూడాలి, ఫోన్ మారిస్తే ఇబ్బంది. మొదటి మూడు నెలలు మామూలు యూపీఐతోనే నడిపి, ఏ పద్దుకు ఎంతో తేలాక దానికి మారడం మేలు.

రెండోఖాతా
ఒప్పుకుంటాను. పద్దు తెలియని ఇంటికి అదే సరి.

ఉప్పల్_కొత్తపద్దు
ఇప్పటికే కార్డు మీద 40,000 ఉంటే? కనీస మొత్తం కడుతూ పై పద్ధతి మొదలెట్టొచ్చా?

మూసాపేట_లెక్కలు
వద్దు తమ్ముడూ. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 1,400. దాని మీద 18 శాతం జీఎస్టీ 252. కనీస మొత్తం 5 శాతం, అంటే 2,000 కడితే అసలులో తగ్గేది 348 మాత్రమే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన వాటికి వడ్డీ లేని గడువు ఉండదు, పాల ప్యాకెట్ మీద కూడా ఆ రోజు నుంచే వడ్డీ. ముందు కార్డు ఆపేసి, బాకీని ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కలిపి లెక్కేసినా నెలకు మూడున్నర కంటే చాలా తక్కువే పడుతుంది. చిట్టీ ఉంటే ఎత్తి కార్డు తీర్చేయడం ఇంకా నయం.

చిట్టీపాట
అందరూ చిట్టీని పొదుపు కింద రాస్తరు. అది ఎప్పుడు ఎత్తుకుంటరు అన్నదాన్ని బట్టి పొదుపో, అప్పో అయితది. లక్ష చిట్టీ, 20 మంది, నెలకు 5,000 అనుకోండ్రి. మొదటి నెల పాట (ముందు ఎత్తుకునేందుకు వదులుకునే మొత్తం) 25,000 దాకా పోయిందంటే ఎత్తుకున్నోళ్ళకు 75,000. కమీషన్ 5 శాతం లెక్కన 5,000 తీస్తే మిగిలిన 20,000 ఇరవై మందికి, తలా 1,000 డివిడెండ్. ఆ నెల 4,000 కడితే చాలు.

ఆఖరిదాకా ఆగినోళ్ళకు 95,000 వస్తది. డివిడెండ్ సగటున 600 వస్తే మొత్తం కట్టింది 88,000, ఏడాదికి దాదాపు పది శాతం పడ్డట్టు. సగటు 300కు పడిపోతే కట్టింది 94,000, అంటే 20 నెలలకు వెయ్యి రూపాయలు. కాబట్టి "చిట్టీల మంచిగ వస్తది" అన్న మాట పాట ఎట్ల పోతున్నదో చూడకుండ అనొద్దు. జూన్‌ల ఫీజుల కోసం అందరూ ఒక్కసారే పాడుతరు, పాట పైకి పోతది. ఫీజు కోసమే అయితే మార్చి, ఏప్రిల్‌ల ఎత్తి పక్కన పెట్టుకోవాలె.

రిజిస్ట్రార్ ఆఫ్ చిట్స్ ఇచ్చిన కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్ నంబర్ అడగాలె. కమీషన్ చట్టం ప్రకారం 7 శాతం దాటొద్దు (2019కి ముందు 5 ఉండె). అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల నడిచే చిట్టీలకు ఏ కాగితం ఉండది, మధ్యల ఎవరన్నా పోతే పట్టుకునేందుకు ఏం లేదు.

నిజాంపేట్_టెనెంట్
80సీ పన్ను మినహాయింపు కోసం ఎల్‌ఐసీ కూడా పెట్టాలి కదా ఇందులో?

మూసాపేట_లెక్కలు
ఈ జీతానికి కొత్త పన్ను విధానంలో పన్నే లేదు. 2025-26 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలుపుకుని 12.75 లక్షల జీతం దాకా సున్నా. నెలకు 200 వృత్తి పన్ను మాత్రం కట్ అవుతుంది. పన్ను కోసమని పాలసీ కొనే అవసరం లేదు. ఇంటిపెద్ద పోతే అనే భయానికి టర్మ్ పాలసీ వేరే సంగతి, అది తీసుకుంటే ఏడాది పద్దులో రాయండి.

మల్కాజిగిరి_సొంతిల్లు
మాది సొంతిల్లు. ఆస్తిపన్ను ఎప్పుడు కడితే లాభం?

గంజిబజార్
ఏప్రిల్ 30 లోపు ఆ ఏడాదిది మొత్తం కడితే ఎర్లీ బర్డ్ కింద 5 శాతం తగ్గింపు. పాత బకాయిలకు వర్తించదు. నల్లా బిల్లు కూడా చూడండి: నెలకు 20,000 లీటర్లు ఉచితం కావాలంటే మీటరు పనిచేస్తూ ఉండాలి, క్యాన్ నంబరుకు (నల్లా బిల్లు మీది ఖాతా నంబరు) ఆధార్ లింక్ అయి ఉండాలి. అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ల లెక్కన వస్తుంది, లింక్ చేయని ఫ్లాట్ల వాటా పోయి మెయింటెనెన్స్‌లో పడుతుంది.

పద్దులపుస్తకం
అందరి అంకెలూ పట్టికలోకి ఎక్కించాను. కరెంటు 300 తగ్గింది, గ్యాస్ 220, కిరాణా 900, కూరగాయలు 600. ఆ ఇంటావిడ ప్రయాణాలు మహాలక్ష్మి ఉచిత బస్సు మీదకు (సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్) మారితే పెట్రోలు 700. ఫోన్లు 60 పెరిగాయి. నికరంగా 2,660 దొరికింది. 4,500 లోటులో ఇంకా 1,840 ఉంది. వారం డబ్బు 4,000 నుంచి 3,500కు దిగుతుంది.

ఈ 1,840 కోసం పిల్లల పండ్లు, మాంసం కోయడం నాకిష్టం లేదు. బండి ఈఎంఐ 8 నెలల్లో అయిపోతుంది. అప్పటిదాకా లోటు 14,720. చిట్టీ ఎత్తినప్పుడు అందులోంచి 15,000 ఏడాది ఖాతాలో వేస్తే అక్కడిదాకా నడుస్తుంది.

మూసాపేట_లెక్కలు
ఈఎంఐ పోయాక 3,500 మొత్తం మిగులనుకోవద్దు. లోటు పోను 1,660. అగ్రిమెంటు 11 నెలలకు తిరగరాసేటప్పుడు అద్దె 5 శాతం పెరిగితే 850 అక్కడికే. నిజంగా చేతిలో మిగిలేది 810. కొత్త బండి, కొత్త ఫోన్ ఈఎంఐ అడిగేవాళ్ళకు ఆ అంకె చూపించండి.

నల్లకుంట_శ్రీమతి
ఏడాది ఖాతా డబ్బు ఊరికే సేవింగ్స్‌లో ఉంచే బదులు ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయొచ్చా?

రెండోఖాతా
మొత్తానికి వద్దండీ. జూన్, దసరా, జనవరి అంటూ మూడుసార్లు తీయాల్సిన డబ్బు, ముందే మూస్తే వడ్డీ కోస్తారు. చదివింపులు, వైద్యం ఎప్పుడొస్తాయో తెలియవు, వాటి 2,000 సేవింగ్స్‌లోనే ఉండాలి. తేదీ తెలిసినవాటికి మాత్రం విడివిడి ఆర్‌డీలు. పుస్తకాల 16,000కు జూలై నుంచి మే దాకా 11 నెలలు, నెలకు 1,455. బడి తెరిచే వారం ముందు చేతికొచ్చేలా గడువు తేదీ పెట్టుకోండి.